పెన్సిల్ రాతల నియమం

రఘునందన్ గారికీ నాకూ గొడవ పసుపు మరక దగ్గర మొదలైంది.

ఢిల్లీలో పాత తెలుగు బొమ్మల కథల పుస్తకాలు పోగుచేసేవాళ్ళం కొందరం ఉన్నాం. నెలకోసారి ఆదివారం పూట మయూర్ విహార్‌లో రఘునందన్ గారి ఫ్లాట్‌లో చేరి, ఎవరికి ఏ సంచిక దొరికిందో చూపించుకుని, ఒకరిని చూసి ఒకరం కుళ్ళుకుని, ఉప్మా తిని ఇళ్ళకు పోతాం. మా ఆయన దీన్ని పిచ్చాసుపత్రి అంటాడు. అననీ. ఆయన క్రికెట్ పిచ్చిని నేనేమైనా అంటున్నానా?

పుస్తకం ఎంత బాగా ఉందో తేల్చడానికి మాకో గైడు ఉంది. పదికి ఇంత అని నంబరు వేయాలి. ఎవరి చెయ్యీ పడనట్టు, ప్రెస్సులోంచి ఇప్పుడే వచ్చినట్టు ఉంటే పది. అట్ట ఊడి, చెదలు తినేసి ఉంటే ఒకటి. మధ్యలో ఏ లోపానికి ఎంత తగ్గించాలో నియమాలు. రాసింది రఘునందన్ గారు, కేంద్ర సర్వీసులో డైరెక్టరుగా రిటైరైన పెద్దమనిషి. రాశారు అనడం మర్యాదకే, ఎక్కడిదో పరాయి దేశపు గైడును మక్కీకి మక్కీ దించేశారు. అందులో ఇంటి కింది నేలమాళిగలో తేమ గురించి పేజీన్నర ఉంది. సర్కారు కట్టిన డీడీఏ ఫ్లాట్లలో నేలమాళిగ ఎక్కడిది, నా మొహం! పప్పులో వేలు పెట్టి పేజీ తిప్పితే పడే పసుపు మరక గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. తలనూనె చేతుల గురించి లేదు. కూలర్ నీళ్ళు చిమ్మి ఉబ్బిన అట్టల గురించి లేదు. అద్దె లైబ్రరీవాళ్ళు కథ మధ్యలో, సరిగ్గా రాకుమారి మొహం మీద వేసే గుండ్రటి ముద్ర గురించి లేదు.

ఇదంతా నేను మీటింగులో గట్టిగానే అడిగాను. రఘునందన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అంత కోపమైతే రివైజ్డ్ డ్రాఫ్ట్ నువ్వే పుటప్ చెయ్యమ్మా హరిప్రియా" అన్నారు. నేను మినిస్ట్రీలో సెక్షన్ ఆఫీసర్ని. డ్రాఫ్టులు రాయడం నాకు అన్నం తిన్నంత అలవాటు. సరేనన్నాను.

అలా కొత్త గైడు నా చేతికి వచ్చింది. పసుపుకి ఎంత, నూనెకి ఎంత, చెద రంధ్రానికి ఎంత అని రోజూ సాయంత్రం కూర్చుని రాసేదాన్ని. పెన్సిల్ రాతల దగ్గరికి వచ్చాను. పాత గైడులో ఇలా ఉంది: "పేజీల మీద పెన్సిల్ రాతలు పెద్ద లోపం. మెత్తటి రబ్బరుతో ఆనవాలు మిగలకుండా చెరిపితే ఆ లోపాన్ని లెక్కించనక్కర్లేదు. రాత వల్ల పడిన నొక్కులను బరువు కింద పెట్టి సరిచేయవచ్చు." ఇది ఏ దేశంలోనైనా ఒకటే కదా అనుకుని దాన్ని అలాగే ఉంచి, తరువాతి నియమానికి వెళ్ళాను.

ఆ వారంలోనే నాగేశ్వరమ్మ ఆంటీ ఫోన్ చేసింది.

ఆవిడ శరత్ వాళ్ళ అమ్మ. శరత్ మా గుంపులోవాడే. గురుగ్రామ్‌లో ఉద్యోగం, నవ్వు మొహం, ఎక్కడ మీటింగైనా అందరికన్నా ముందు వచ్చి కుర్చీలు వేసేవాడు. కరోనా రెండో వేవ్‌లో పోయాడు. ఆక్సిజన్ కోసం మా గుంపంతా ఫోన్లు పట్టుకుని ఊరంతా తిరిగాం, దొరకలేదు. పెళ్ళి కూడా కాలేదు.

"హరిప్రియా, నీతో ఒక పని పడిందమ్మా" అంది ఆంటీ. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. "మీ అంకుల్ నీకు ఫోన్ చేస్తారు. వాడి పెట్టెలో పుస్తకాలు చూసి నంబర్లు వెయ్యమంటారు. తప్పకుండా రా."

"వస్తాను ఆంటీ. దానికేం?"

"అది కాదు. ఆ పెట్టెలో వాడు చిన్నప్పుడు చదివినవి ఉన్నాయి. కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం అప్పుడు. బడిలో అంతా హిందీ, ఇంగ్లీషు. వాడికి తెలుగు ఎలా నేర్పనూ? ఊరి నుంచి ఎవరు వచ్చినా ఈ బొమ్మల పుస్తకాలు తెమ్మనేదాన్ని. నేను చదువుతుంటే వాడు ప్రతి మాట పైనా పెన్సిల్‌తో హిందీ అక్షరాల్లో రాసుకునేవాడు. తెలుగు మాటే, అక్షరాలు హిందీవి. తరువాత తన సొంత మాటలు కూడా రాయడం మొదలెట్టాడు. 'కొండచిలువ కోట' అని ఒకటుంది. కోట తలుపు దగ్గర రాక్షసుడు 'ఎవరక్కడ?' అని అరుస్తాడు. దాని పక్కన మా వాడు, 'నేనే, శరత్‌ని' అని రాశాడు." ఆవిడ నవ్వబోయింది. నవ్వు సగంలో తెగిపోయింది.

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"వాడి చేతిరాత నా దగ్గర ఇంకెక్కడా లేదమ్మా. పెద్దయ్యాక అంతా కంప్యూటరే కదా, ఉత్తరం ముక్క కూడా లేదు. ఇన్నాళ్ళూ ఆ పెట్టె తెరిచి చూసే ధైర్యం రాలేదు. ఇప్పుడు చూడాలనిపిస్తోంది. రాత ఉన్నవి వేరుచేసి నా చేతికివ్వు. మిగతావి మీరు ఏం చేసుకున్నా సరే."

"మీరే తీసుకోవచ్చు కదా ఆంటీ? మీ ఇంట్లోనే ఉన్నాయి కదా."

"ఆయన ముట్టుకోనివ్వడం లేదు. చెయ్యి తగిలితే నంబరు తగ్గుతుందంటారు. ఆ గదిలో తలుపేసుకుని దుమ్ము దులుపుతుంటారు పొద్దస్తమానం. పుస్తకాలు నాకెందుకని ఆయన అడిగితే చెప్పాలి, చెప్పాలంటే వాడి మాటెత్తాలి. మేమిద్దరం వాడి మాటెత్తుకోమమ్మా. ఆయన ఎత్తితే నేను ఏడుస్తానని ఆయన భయం. నేనెత్తితే ఆయన అన్నం మానేస్తారని నా భయం." 

"సరే ఆంటీ, నేను చూసుకుంటాను" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో! ఇప్పుడు తలుచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

అంకుల్ మర్నాడే ఫోన్ చేశారు. ఆదివారం పొద్దున మెట్రో దిగి, ఈ-రిక్షా ఎక్కి పాలంలో వాళ్ళింటికి వెళ్ళాను. చలికాలం, పొగమంచుతో కలిసిన పొగ, పదైనా ఎండ జాడ లేదు. గొంతు మండిపోతోంది. ఈ ఊరి గాలికి అలవాటు పడ్డామని గొప్పలు చెప్పుకుంటాం కానీ ఎవరికీ పడదు ఈ గాలి.

వీరాంజనేయులు అంకుల్ సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యారు. ఇంట్లో కూడా ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన చెప్పులు. తలుపు తీసి, "రండి మేడమ్, అంతా తయార్" అన్నారు. ఆయన కూతురి వయసుదాన్ని నేను. మేడమ్ వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినరు. వంటింట్లోంచి ఆంటీ తొంగిచూసి నా వైపు తల ఊపింది. గుర్తుందిగా అని అడిగినట్టు. నేనూ తల ఊపాను.

శరత్ గదిలో టేబులు మీద తెల్లటి దుప్పటి పరిచారు. నా కోసం కాటన్ గ్లవ్స్ కూడా కొనిపెట్టారు. పక్కన నల్లటి ఇనప పెట్టె, మూత మీద ఆయన పేరు, సర్వీసు నంబరు తెల్ల పెయింటుతో రాసి ఉన్నాయి. పుస్తకాలన్నీ ఒక్కొక్కటీ పారదర్శకమైన కవరులో, వెనక అట్టముక్కతో, వరస తప్పకుండా నిలబెట్టి ఉన్నాయి. మా గుంపులో ఎవరి దగ్గరా నేను అంత శుభ్రత చూడలేదు.

"వాడి సొరుగులో ఉన్న మీ గైడు మొత్తం కంఠతా వచ్చు మేడమ్. పిన్నులు తుప్పు పట్టినా మార్చకూడదన్నారు, మార్చలేదు. టేపు అంటించకూడదన్నారు, అంటించలేదు. ఏది చెయ్యమన్నారో అదే చేశాను" అన్నారు.

పైన ఉన్నదే 'కొండచిలువ కోట'. గ్లవ్స్ తొడుక్కుని కవరులోంచి తీశాను. అట్ట రంగు దిగలేదు. మూలలు మడత పడలేదు. పిన్నులకు తుప్పు ఉంది కానీ కాగితానికి పాకలేదు. ఒక్కో పేజీ తిప్పుతూ పోయాను. రాత లేదు. ఆంటీ చెప్పింది ఇంకో ప్రతి గురించేమో, వాడి దగ్గర రెండు ప్రతులు ఉన్నాయేమో అనుకున్నాను. పుస్తకాల పిచ్చివాళ్ళకి అది మామూలే. చదివేది ఒకటి, దాచేది ఒకటి.

"ఎంత వస్తుంది మేడమ్?" ఆయన కుర్చీలో కూర్చోలేదు, పక్కన నిలబడే ఉన్నారు.

"బాగుంది అంకుల్. ఎనిమిదిన్నర."

"తొమ్మిది రాదా?"

ఇంకోసారి అటూ ఇటూ తిప్పి చూశాను. నిజానికి ఆ వయసు పుస్తకానికి అది ఎక్కువ శుభ్రత. "తొమ్మిది వేయొచ్చు" అన్నాను.

ఆయన మొహం చూడాలి. శరత్ పోయాక ఆయన నవ్వగా నేను చూడలేదు. ఇప్పుడు నోరంతా తెరిచి నవ్వారు. "తొమ్మిది! వింటున్నారా మేడమ్, మా వాడు ఈ పెట్టెని మీ మీటింగుకి ఎప్పుడూ తేలేదు. తీసుకెళ్ళరా అంటే, 'ఇవి చూపిస్తే మూడు కూడా వేయరు డాడీ, నవ్వుతారు' అనేవాడు. అంత సిగ్గుపడేవాడు. తొమ్మిది వచ్చిందిప్పుడు."



మూడు కూడా రాని పుస్తకం తొమ్మిది ఎలా అవుతుంది? బ్యాగులోంచి టార్చి తీసి పేజీకి పక్క నుంచి వెలుగు పడేలా పెట్టాను. కాగితం పాతబడి గోధుమరంగుకి తిరిగింది. మాటల పైన మాత్రం, ప్రతి వరస పైనా, సన్నగా ఒక గీత మేర కాగితం కాస్త తెల్లగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. రబ్బరు వాసన.

"అంకుల్, రాతలున్న పుస్తకాలు వేరే ఎక్కడైనా ఉన్నాయా?" అని అడిగాను.

"రాతలా? ఇవే మేడమ్! అన్నిట్లోనూ ఉండేవి. చిన్నప్పుడు పెన్సిల్‌తో గీకి పారేశాడు, ఒక్క పేజీ వదల్లేదు. బిల్కుల్ సాఫ్ చేశాను. మీ కంటికి కూడా కనబడలేదు చూశారా?" ఆయన టేబులు సొరుగు లాగి మెత్తటి తెల్ల రబ్బర్లు, చిన్న బ్రష్షు చూపించారు. "గట్టిగా రుద్దితే కాగితం లేస్తుంది. ఒక్క పేజీకి ఒక పూట పట్టేది. నొక్కులు పడ్డాయి కదా, వాటిని ఆ పెట్టె కింద పెట్టి బరువేశాను. మీ గైడులో ఉన్నట్టే."

టార్చిని నేను అన్ని వైపుల నుంచీ తిప్పాను. చిన్నపిల్లలు పెన్సిల్ నొక్కి రాస్తారు, చెరిపినా అచ్చు మిగులుతుంది, పక్క వెలుగులో చదవొచ్చు. ఆ ఆశతో ఇంకో పుస్తకం తీశాను, ఇంకోటి తీశాను. ఎక్కడా ఏమీ మిగల్లేదు. అంత బాగా చేశారాయన.

"ఆంటీని అడిగారా చెరిపే ముందు?" అన్నాను. పడకూడని కోపంతో అడిగాను.

"ఆవిడనా? ఎందుకు మేడమ్? వాడి వస్తువు చూస్తే చాలు, ఏడుస్తుంది. అన్నీ అయ్యాక ఒక్కసారే చూపిద్దామని..." అంటూ ఆయన నా మొహం చూసి ఆగారు. "ఏం? ఏమైనా పొరపాటు చేశానా? ఏ నియమం తప్పాను?"

ఏ నియమమూ తప్పలేదు ఆయన. అదే కదా. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపం ఎవరి మీదో తెలియలేదు.

చెప్పడానికి నోరు తెరిచేలోపు ఆంటీ గదిలోకి వచ్చేసింది. టీ ట్రే తేలేదు. రెండు చేతులూ ముందుకు చాపి చూపించింది. వేళ్ళ చివరలు చలికి, నీళ్ళకి ముడతలు పడి ఉన్నాయి.

"సబ్బుతో కడుక్కుని తుడుచుకుని వచ్చాను. ఇప్పుడు ముట్టుకోవచ్చా అమ్మా?"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, నా ముందున్న 'కొండచిలువ కోట'ని తన వైపు తిప్పుకుంది. వెతకలేదు. నేరుగా ఒక పేజీ తెరిచింది. కోట తలుపు, కోరల రాక్షసుడు, "ఎవరక్కడ?" అనే కేక. దాని పక్కన జాగా ఖాళీగా ఉంది.

ఆవిడ పుస్తకాన్ని కళ్ళకి దగ్గరగా పట్టుకుంది. దూరంగా పట్టుకుంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆ మసక వెలుగులో కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ చూసింది. చీర కొంగుతో కళ్ళజోడు అద్దాలు తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"అద్దాలు మార్పించాలేమోనండీ. నాకేం కనబడి చావడం లేదు" అంది.

అంకుల్ నన్ను చూశారు, ఆవిడని చూశారు. ఆయనకి అప్పుడు అర్థమైంది. ఆ మనిషి రెండు చేతులూ ఒంటికి ఆన్చి, పరేడులో నిలబడ్డట్టు నిలబడ్డారు.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయి నాగేశ్వరీ. నేనే చెరిపేశాను."

"ఏం చెరిపారు?"

"వాడు రాసినవి. అన్నీ."

అప్పుడు ఆవిడ పెట్టిన కేక నేను జన్మలో మరిచిపోను. "అన్నీనా? అన్నీ చెరిపారా? వాణ్ణి ఆసుపత్రి నుంచి ఇంటికి కూడా తీసుకురానివ్వలేదు, అక్కణ్ణించి అటే కాటికి తీసుకుపోయారు. మొహం చూడనివ్వలేదు. ఈ నాలుగు ముక్కలూ మిగిలాయి నాకు. వాటినీ చెరిపేశారా? మీకు చేతులెలా వచ్చాయండీ?"

"మచ్చలన్నారు నాగేశ్వరీ. గైడులో లోపం అని రాశారు. వాడికి సిగ్గుగా ఉండేదని..."

"నా బిడ్డ రాత మచ్చా?" ఆవిడ నా వైపు తిరిగింది. "ఎవరమ్మా అలా రాసింది?"

రఘునందన్ గారి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఏం లాభం? నా డ్రాఫ్టులో కూడా ఆ వాక్యం అలాగే ఉంది. "మేమే ఆంటీ" అన్నాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పుస్తకాన్ని తెచ్చి తెల్ల దుప్పటి మీద పెట్టింది. ఇంకో కవరు తీసి చూసింది, ఇంకోటి చూసింది. ఒక్కోదాన్నీ రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టేసింది. చివరికి మొత్తం దొంతరని చేత్తో నా వైపు నెట్టింది.

"తీసుకుపోమ్మా. ఇవి మావి కావు. ఎవరివో కొత్త పుస్తకాలు" అని, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపలి నుంచి ఏడుపు వినిపిస్తుందేమోనని ఇద్దరం చెవులు అటే పెట్టాం. ఏమీ వినిపించలేదు. దానికే ఎక్కువ భయమేసింది.

అంకుల్ ఇంకా నిలబడే ఉన్నారు. నాకు ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చింది. పిచ్చి ఆలోచనే కావచ్చు, ఆ క్షణంలో అదొక్కటే దిక్కనిపించింది. కాగితం, పెన్ను తీశాను.

"అంకుల్, కూర్చోండి. మీకు హిందీ బాగా వచ్చు కదా. నెలల తరబడి ఆ రాతల్నే చూస్తూ కూర్చున్నారు. ఎక్కడ ఏం రాశాడో మీకు గుర్తున్నంత వరకు చెప్పండి, నేను రాస్తాను. వాడి చేతిరాత కాకపోయినా, వాడి మాటలైనా ఆంటీకి మిగులుతాయి. తప్పులున్నా ఫర్వాలేదు. ముందు ఈ కోట పుస్తకంతో మొదలుపెడదాం. చెప్పండి, మొదటి పేజీలో ఏముండేది?"

ఆయన మొదటి పేజీ తెరిచారు. చాలాసేపు చూశారు. రెండో పేజీ తిప్పారు. పెదాలు ఏదో కూడబలుక్కుంటున్నట్టు కదిలాయి. నేను పెన్ను పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"గీత ఎక్కడుందా అని చూశానమ్మా, చెరిపాను" అన్నారు. "ఒక్కటీ చదవలేదు."